కొటేషన్ కాగితంలో కింది వరుసలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ షాపులోకి వెళ్లి "నలభై వేలలో ఒక సిస్టమ్ కావాలన్నా" అని అడిగినా, కాసేపట్లో కొటేషన్ కాగితం చేతికొస్తుంది. మొదటి వరుసలో ప్రాసెసర్ పేరు ఉంటుంది. తర్వాత మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఆ కింద మానిటర్, కీబోర్డు, మౌస్. అన్నిటికన్నా అడుగున చాలాసార్లు "క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్" అని ఒకే ముక్క ఉంటుంది. కరెంటు అందించే ఆ ఎస్‌ఎంపీఎస్ ఏ కంపెనీదో, ఎన్ని వాట్లదో రాసి ఉండదు. కొనేవాళ్లు బేరమంతా పై వరుస మీదే ఆడతారు. ఐ3 బదులు ఐ5 వస్తుందా అని అడుగుతారు. అదే డబ్బులో పెద్ద ప్రాసెసర్ వచ్చిందంటే, ఆ తేడా కింది వరుసల్లో ఎక్కడో కోతపడిందనే అర్థం.

నలభై వేలు అనేది ఇంజినీరింగ్‌లో చేరిన అమ్మాయి కోసమో, ఊళ్లో డీటీపీ సెంటర్ పెట్టుకుందామనుకునే తమ్ముడి కోసమో ఇల్లంతా కలిసి కూడబెట్టే సొమ్ము. ఆ యంత్రం అయిదారేళ్లు నడవాలి. మధ్యలో పాడైతే మళ్లీ అంత డబ్బు దొరకదు. కాబట్టి ఈ డబ్బాలో ఏ భాగం ఏం చేస్తుందో తెలుసుకోవలసిన అవసరం లక్షలు పెట్టేవాళ్ల కన్నా లెక్కగా ఖర్చుపెట్టేవాళ్లకే ఎక్కువ. వాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఇదే: మీ సమయం ఎక్కడ వృథా అవుతోందో అక్కడ డబ్బు పెట్టండి, ఒకటి పాడైతే మిగతావాటినీ పాడుచేసే భాగం దగ్గర పొదుపు చేయకండి. మిగిలిన చోట్ల నిర్భయంగా తగ్గించుకోవచ్చు.

ఆమ్డాల్ లెక్క

ఐబీఎం సిస్టమ్ 360 కంప్యూటర్ల ముఖ్య రూపశిల్పి జీన్ ఆమ్డాల్ 1967లో ఒక చిన్న పత్రం సమర్పించారు. అది ఎన్నో ప్రాసెసర్లను కలిపి నడిపే పెద్ద యంత్రాల గురించి. పనిలో ఒక భాగాన్ని ఎంత వేగవంతం చేసినా, వేగం పెరగని మిగతా భాగమే మొత్తానికి హద్దు గీస్తుందన్నది ఆయన వాదన సారం. దాన్నే ఇప్పుడు ఆమ్డాల్ సూత్రం అంటున్నాం. మన కొటేషన్ కాగితానికీ అది అచ్చంగా సరిపోతుంది.

ఒక పనికి 100 సెకన్లు పడుతోందనుకుందాం. అందులో 60 సెకన్లు డిస్కు నుంచి ఫైళ్లు రావడానికి, 30 సెకన్లు ప్రాసెసర్ లెక్కలకు, 10 సెకన్లు ఇతరత్రా పనులకు పోతున్నాయి. రెట్టింపు వేగమున్న ప్రాసెసర్ పెడితే 30 కాస్తా 15 అవుతుంది, మొత్తం 85. ప్రాసెసర్ జోలికి పోకుండా డిస్కును పది రెట్లు వేగమున్నదానికి మారిస్తే 60 కాస్తా 6 అవుతుంది, మొత్తం 46. ఖరీదైన ప్రాసెసర్‌తో మిగిలింది 15 సెకన్లు, చవకైన మార్పుతో మిగిలింది 54. ఇంకో లెక్క చూడండి. పనిలో పదో వంతు సమయం మాత్రమే తీసుకునే భాగాన్ని అనంతమైన వేగానికి తీసుకెళ్లినా, మొత్తం పని 11 శాతానికి మించి వేగవంతం కాదు.

మరి మామూలు వాడకంలో సమయం ఎక్కడ పోతుంది? 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్కు సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. కావలసిన సమాచారం చదివే సూది కిందకు రావడానికి సగటున అర చుట్టు తిరగాలి, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు. సూది సరైన వలయం మీదకు జరగడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు. వెరసి ఒక్కో ముక్కకు 13 మిల్లీసెకన్లు. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు 80కి మించి అందించలేదు. కంప్యూటర్ ఆన్ కావడమంటే అలాంటి చిన్న ఫైళ్లు వేలకొద్దీ చదవడమే. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు, ఒక్కో ముక్క ఒక మిల్లీసెకనులో పదో వంతు లోపే వచ్చేస్తుంది. ర్యామ్ ఇంకా వేగం, సుమారు 80 నానోసెకన్లు. ఈ అంకెలు మన అనుభవానికి అందవు కాబట్టి సాగదీసి చూద్దాం. ర్యామ్ నుంచి జవాబు రావడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, ఎస్‌ఎస్‌డీ నుంచి రావడానికి పావు గంట దాటుతుంది. హార్డ్ డిస్కు నుంచి రావడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది.

అంతసేపు ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంటుంది, అది ఐ3 అయినా ఐ9 అయినా. అందుకే విండోస్ ఉండే డ్రైవు హార్డ్ డిస్కు కాకూడదు. ఫొటోలు, సినిమాలు, పాత ప్రాజెక్టులు దాచుకోవడానికి హార్డ్ డిస్కు మంచిదే. దాన్ని తర్వాత ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

ఇక్కడే ఆమ్డాల్ సూత్రం రెండోవైపు నుంచి కూడా పనిచేస్తుంది. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 మెగాబైట్లు ఇస్తుంది. మామూలు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 3,500 దాకా, దానికన్నా కొత్త తరానిది 7,000 దాకా ఇస్తుంది. పెట్టె మీద ఈ అంకెలు చూస్తే మనసు లాగుతుంది. కానీ హార్డ్ డిస్కు పోయి ఎస్‌ఎస్‌డీ వచ్చేసరికే డిస్కు కోసం ఎదురుచూసే సమయం చాలామటుకు కరిగిపోయింది. మిగిలిన కొంచెంలో మళ్లీ సగం తగ్గించినా కంటికి ఆనదు. కాబట్టి చవకైన ఎన్‌వీఎంఈ చాలు, అయితే పేరున్న కంపెనీది తీసుకోండి. టీఎల్‌సీ రకం దొరికితే క్యూఎల్‌సీ వద్దు. ఫ్లాష్ మెమరీలో ఒక్కో గదిలో ఎలక్ట్రాన్లను బంధించి, వాటి మోతాదును బట్టి సమాచారం గుర్తుపెడతారు. టీఎల్‌సీలో ఒక్కో గదిలో 8 మోతాదులను వేరు చేయాలి, క్యూఎల్‌సీలో 16. మెట్లు దగ్గరయ్యేకొద్దీ రాయడం నెమ్మదిస్తుంది, గది త్వరగా అరుగుతుంది. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. బోర్డు మీది ఎం.2 స్లాటు ఎన్‌వీఎంఈని తీసుకుంటుందో లేదో కూడా చూసుకోవాలి. సాటా రకం ఎం.2 కార్డు కూడా చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది.

ర్యామ్ రెండు స్టిక్కులుగా

ఈ రోజు మనం కొనే ర్యామ్‌కు మూలం ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ ఆలోచన. ఒక ట్రాన్సిస్టర్, ఒక చిన్న కెపాసిటర్, అంతే ఒక బిట్టు. 1968లో ఆయనకు దాని మీద పేటెంటు వచ్చింది. ఆ కెపాసిటర్ ఎంత చిన్నదంటే అందులో నింపిన విద్యుదావేశం తనంతట తానే కారిపోతుంది. అందుకే ర్యామ్‌లో ప్రతి గదినీ సాధారణంగా 64 మిల్లీసెకన్లకు ఒకసారి చదివి మళ్లీ నింపుతుంటారు. కరెంటు పోగానే ర్యామ్‌లో ఉన్నదంతా ఎగిరిపోయేది ఇందుకే.

ఇక్కడ వేగం కన్నా ముందు పరిమాణం చూడాలి. ర్యామ్ చాలకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ అందులోని కొంత సరుకును ఎస్‌ఎస్‌డీ మీదకు దించి, అవసరమైనప్పుడు మళ్లీ ఎక్కిస్తుంది. అంటే ఒక సెకనులో అయ్యే పనికి పావు గంట పట్టే చోటికి మళ్లీ వచ్చిపడ్డాం. బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు, పక్కన ఒక కోడ్ ఎడిటర్, ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ తెరిస్తే 8 జీబీ సరిపోదు. 16 ఉంటే నిశ్చింతగా నడుస్తుంది.

ఆ 16 కూడా ఒకే స్టిక్కుగా కాకుండా 8, 8గా రెండు స్టిక్కులు తీసుకోవాలి. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు, ర్యామ్‌కు మధ్య రెండు దారులుంటాయి. డీడీఆర్4-3200 స్టిక్కు ఒక్కో దారిలో సెకనుకు 25.6 గిగాబైట్లు పంపగలదు. 3,200 మిలియన్ల బదిలీలు, ఒక్కో బదిలీకి 8 బైట్లు, అదీ లెక్క. రెండు స్టిక్కులుంటే 51.2 గిగాబైట్లు. ఒకే స్టిక్కు పెడితే రెండో దారి ఖాళీగా పడి ఉంటుంది. విడి గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో బొమ్మ గీసే భాగం కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కనుక, దానికి ఈ రెండో దారి ప్రాణం. ఇంత తేడా పైసా ఖర్చు లేకుండా వస్తుంటే ఒక స్టిక్కుతో సరిపెట్టే కొటేషన్లు చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది.

ధరల సంగతి మాత్రం చెప్పక తప్పదు. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి. ప్రపంచానికి కావలసిన ర్యామ్ చిప్పుల్లో అత్యధిక భాగాన్ని శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థలే తయారుచేస్తాయి. కృత్రిమ మేధ డేటా సెంటర్లు అడిగే ప్రత్యేక మెమరీ కూడా ఆ ఫ్యాక్టరీల నుంచే రావాలి. లాభం అటువైపే ఉంది. క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. అందుకే ఈ వ్యాసంలో ఏ భాగానికీ ధర రాయడం లేదు. ఇవాళ రాసిన అంకె వచ్చే నెలకు పనికిరాదు. డబ్బు చాలకపోతే 8 జీబీ స్టిక్కు ఒకటే కొని రెండో స్లాటు ఖాళీగా ఉంచండి. రేటు దిగినప్పుడు అదే మోడల్ ఇంకొకటి జోడించవచ్చు. రెండు స్లాట్ల బోర్డులో 4, 4 పెట్టించుకుంటే మాత్రం తర్వాత రెండూ తీసి పక్కన పడేయాల్సి వస్తుంది.

ప్రాసెసర్, గ్రాఫిక్స్

2004లో ఇంటెల్ పెంటియం 4 ప్రాసెసర్ 3.8 గిగాహెర్ట్‌జ్ దాకా వెళ్లింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024లో వచ్చిన అత్యంత ఖరీదైన ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఒకటి 6.2 గిగాహెర్ట్‌జ్ దగ్గర ఆగింది. రెట్టింపు కూడా కాలేదు. దీని వెనక ఉన్నదీ డెన్నార్డే. ట్రాన్సిస్టర్ కొలతలు తగ్గేకొద్దీ దానికిచ్చే వోల్టేజీ కూడా అదే పాళ్లలో తగ్గించుకుంటూ పోవచ్చని, అప్పుడు వేడి పెరగకుండానే వేగం పెరుగుతుందని 1974లో ఆయన, ఆయన సహచరులు చూపారు. 2005 ప్రాంతానికి ఆ దారి మూసుకుపోయింది. వోల్టేజీ ఇంకా తగ్గిస్తే ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉన్నా కరెంటు కారిపోతోంది. వేడి భరించరానిదైంది. అప్పటి నుంచి పురోగతి అంతా కోర్ల సంఖ్య పెంచడంలో, ఒక్కో టిక్కుకు ఎక్కువ పని చేయించడంలో వస్తోంది.

డబ్బు లెక్కచూసుకునేవాళ్లకు ఇది మంచి వార్త. కొన్నేళ్ల నాటి ప్రాసెసర్ కొన్నా పెద్దగా నష్టపోయేది ఉండదు. 2021లో వచ్చిన ఏఎండీ రైజెన్ 5 5600జీలో 6 కోర్లు ఉన్నాయి, దాంతోపాటే పనికొచ్చే గ్రాఫిక్స్ భాగమూ ఉంది. ఇంటెల్ ఐ3 12100లో 4 కోర్లే అయినా ఒక్కో కోరు చురుకైనది. కోడింగ్ నేర్చుకునేవాళ్లకు, డీటీపీకి, ఆఫీసు పనులకు రెండింట్లో ఏదైనా సరిపోతుంది. వీడియో ఎడిటింగ్ అయితే నా ఓటు ఆరు కోర్లకే.

ప్రాసెసర్ పేరు చివరి అక్షరాన్ని మాత్రం నిదానంగా చదవండి. ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉంటే దానిలో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. 12100ఎఫ్ కాస్త చవక. కానీ విడి గ్రాఫిక్స్ కార్డు పెట్టకపోతే మానిటర్ నల్లగానే ఉంటుంది. ఏఎండీలో 5600 అని ఉండి జీ లేకపోయినా అదే సంగతి.

ఆ ఖాళీ పూరించడానికి షాపులో "2 జీబీ గ్రాఫిక్స్ కార్డు" అంటూ జీటీ 710 లాంటి పాత కార్డు ఒకటి చూపిస్తారు. దాని డీడీఆర్3 రకానికి మెమరీ వేగం సెకనుకు 14.4 గిగాబైట్లు. రెండు స్టిక్కులు పెట్టిన మన మామూలు ర్యామ్ వేగం 51.2 అని పైన చూశాం. 5600జీ లోపలి గ్రాఫిక్స్ ఆ కార్డును సునాయాసంగా దాటిపోతుంది. కాబట్టి కార్డు కొంటే పనికొచ్చేది కొనాలి, లేదంటే అసలు వద్దు. కృత్రిమ మేధ పాఠాలు నేర్చుకునే విద్యార్థులు గ్రాఫిక్స్ కార్డు లేదని దిగులుపడక్కర్లేదు. గూగుల్ కొలాబ్, కాగుల్ వంటి చోట్ల కొన్ని గంటల పాటు శక్తిమంతమైన కార్డులు ఉచితంగా వాడుకోవచ్చు. తొలి రెండేళ్ల చదువుకు అవి చాలు.

మదర్‌బోర్డు దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. ఈ ప్రాసెసర్లకు ఏ520, హెచ్610 వంటి చిన్న చిప్‌సెట్లున్న బోర్డులు సరిపోతాయి. బోర్డు ఆ ప్రాసెసర్‌ను గుర్తుపట్టే బయోస్‌తో వచ్చిందా, ఎన్‌వీఎంఈ స్లాటు ఉందా, ర్యామ్ స్లాట్లు రెండూ ఉన్నాయా అని చూడండి. ఏఎండీ ఏఎం5 సాకెట్ బోర్డు తీసుకుంటే మున్ముందు కొత్త ప్రాసెసర్లు మార్చుకునే వీలుంటుంది, కానీ దానికి డీడీఆర్5 ర్యామే కావాలి. ర్యామ్ ధరలు ఇలా ఊగుతున్నప్పుడు రెండు పద్ధతుల్లోనూ విడివిడిగా కొటేషన్ రాయించుకుని పోల్చి చూడటమే మేలు.

అడుగున ఉన్న ఎస్‌ఎంపీఎస్

ఇక ఎవరూ బేరమాడని వరుసకు వద్దాం. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీ శిఖరం దగ్గర 325 వోల్టులు ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ దాన్ని ముందు డీసీగా మార్చి పెద్ద కెపాసిటర్లలో నింపుతుంది. తర్వాత ట్రాన్సిస్టర్లతో సెకనుకు పదుల వేల సార్లు తెగ్గొట్టి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, మళ్లీ చదును చేసి 12, 5, 3.3 వోల్టులుగా అందిస్తుంది. 12 వోల్టుల తీగ మీద 5 శాతానికి మించి తేడా రాకూడదని, దాని మీది అలలు 120 మిల్లీవోల్టులు దాటకూడదని ఏటీఎక్స్ ప్రమాణం చెబుతుంది. బోర్డు మీది సర్క్యూట్లు ఈ 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒక వోల్టు దరిదాపులకు దించుతాయి. 1.1 వోల్టుల దగ్గర 88 వాట్లు కావాలంటే 80 ఆంపియర్లు పారాలి. మూలంలో అలలు పెద్దవైతే ఆ భారమంతా బోర్డు మీద పడుతుంది. కంప్యూటర్ అకారణంగా రీస్టార్ట్ అవుతుంది, ఫైళ్లు చెడిపోతాయి. మంచి ఎస్‌ఎంపీఎస్ వోల్టేజీ ఎగబాకితే తనను తాను ఆపేసుకుంటుంది. ఆ రక్షణ సర్క్యూట్లు లేని నాసిరకంది పోతూ పోతూ బోర్డునూ, ఎస్‌ఎస్‌డీనీ వెంట తీసుకుపోవచ్చు.

లేబుల్ మీద "450 వాట్లు" అన్న పెద్ద అంకెను నమ్మకండి. కింద చిన్న పట్టిక ఉంటుంది. అందులో 12 వోల్టుల గడి చూసి, అక్కడున్న ఆంపియర్లను 12తో హెచ్చించండి. 16 ఆంపియర్లని ఉంటే నిజంగా పనికొచ్చేది 192 వాట్లే, ఎందుకంటే ఇప్పటి కంప్యూటర్లు దాదాపు అంతా 12 వోల్టుల మీదే నడుస్తాయి. 36 ఆంపియర్లని ఉంటే 432 వాట్లు, అది నిజాయితీగల 450. పట్టికే లేకపోతే ఆ పెట్టెను కౌంటర్ మీదే వదిలేయండి. మన అవసరం నిజానికి చిన్నదే. 5600జీ గరిష్ఠంగా 88 వాట్లు తీసుకుంటుంది, బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు కలిపి మరో 40. మొత్తం 130 లోపు. తర్వాత ఎప్పుడైనా ఆర్‌ఎక్స్ 6600 లాంటి 132 వాట్ల కార్డు పెట్టినా 260 దాకా వస్తుంది. మంచి కంపెనీ 450 వాట్లది అన్నిటికీ సరిపోతుంది. 80 ప్లస్ గుర్తు ఉందో చూడండి. ఆ గుర్తుకు పరీక్షలో 20, 50, 100 శాతం భారాల దగ్గర కనీసం 80 శాతం సామర్థ్యం చూపాలి. నాణ్యతకు అది పూర్తి హామీ కాదు గానీ, నాసిరకం చాలామటుకు అక్కడే జల్లెడపడుతుంది.

మన ఎండలు ఈ వరుసను ఇంకా ముఖ్యం చేస్తాయి. ఎస్‌ఎంపీఎస్‌లో ముందుగా చనిపోయేది సాధారణంగా ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. దాని లోపలి ద్రవం వేడికి నెమ్మదిగా ఆవిరైపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజినీర్లు వాడే మోటు లెక్క. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలకు తయారైన కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు నిలుస్తుంది. రోజుకు 8 గంటల చొప్పున పదకొండేళ్లు. అదే 85 డిగ్రీల రకం అయితే 8,000 గంటలు, అంటే మూడేళ్లు కూడా నిండవు. రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో పెడితే ఈ లెక్క ఇంకా దిగుతుంది. ఈ రెండు రకాల కెపాసిటర్ల మధ్య ధరలో తేడా స్వల్పం. చవక సరుకులో అదే మిగుల్చుకుంటారు.

ప్రాసెసర్‌దీ ఇదే కథ. దాని వేడి గదిలోని గాలిలోకే పోవాలి. 25 డిగ్రీల గదిలో 75 దగ్గర నడిచే ప్రాసెసర్, మే నెలలో 42 డిగ్రీల గదిలో అదే పనికి 92 దాకా ఎక్కుతుంది. 5600జీ తట్టుకునే హద్దు 95. అది దగ్గరపడగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. డబ్బులిచ్చి కొన్న వేగం ఎండాకాలంలో మాయమవుతుంది. కాబట్టి క్యాబినెట్‌కు ముందు జాలీ ఉండాలి, వెనక ఒక ఫ్యాన్ ఉండాలి. ముందంతా గాజు పలక, లోపల రంగురంగుల లైట్లు ఉన్నది పైన పటారం లోన లొటారమే. గాలి రానివ్వని గాజు కన్నా జాలీ ఉన్న రేకు డబ్బా నయం.

మరో రెండు మాటలు కరెంటు గురించే. క్యాబినెట్ ముట్టుకుంటే చేయి జివ్వుమంటోందని చాలా ఇళ్లలో అంటారు. ఎస్‌ఎంపీఎస్ మొదట్లో ఉండే ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజుకూ రేకుకూ మధ్య ఒకటి, న్యూట్రల్‌కూ రేకుకూ మధ్య ఒకటి ఉంటాయి. ఎర్త్ లేకపోతే రేకు నడిమధ్యన, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంది. పారే కరెంటు ఒక మిల్లీ ఆంపియర్ లోపే కాబట్టి ప్రాణం తీయదు. కానీ అది ఇంట్లో ఎర్త్ సరిగా లేదని చెబుతోంది, లోపల తీగ తెగి రేకుకు తగిలిన రోజు ఆ ఎర్తే కాపాడాలి. కంప్యూటర్ కొనేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడో పిన్ను చూపించండి. ఆ ఖర్చును కూడా బడ్జెట్‌లో రాసుకోండి.

రెండోది కరెంటు కోతలు. సరఫరా తెగినా పెద్ద కెపాసిటర్లలోని నిల్వతో మంచి ఎస్‌ఎంపీఎస్ 16 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది. యూపీఎస్ బ్యాటరీకి మారడానికి పట్టే సమయం దానికన్నా తక్కువ ఉంటే స్క్రీను కదలదు. ఇంటి ఇన్వర్టర్‌లో యూపీఎస్ మోడ్ అని వేరే స్విచ్చు ఉండేది అందుకే. కెపాసిటర్లు చిన్నవి పెట్టి మిగుల్చుకున్న ఎస్‌ఎంపీఎస్ అయితే ఎంత మంచి యూపీఎస్ ఉన్నా కంప్యూటర్ ఆగిపోవచ్చు. తప్పు ఎక్కడుందో తెలియక బ్యాటరీలు మారుస్తూ కూర్చుంటాం.

మానిటర్, పాత సరుకు

మానిటర్ రెండు మూడు కంప్యూటర్ల కాలం బతుకుతుంది. అందుకని దాని దగ్గర మరీ చేయి బిగించకండి. తెలుగులో చదివి రాసేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఇంగ్లిషు అక్షరంలా కాక, మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. అదే ఎత్తులో ఎక్కువ వివరం ఇమడాలి. 18.5 అంగుళాల 1366 × 768 తెర మీద అంగుళానికి 85 చుక్కలే ఉంటాయి, చిన్న అక్షరాల్లో ఒత్తులు అలుక్కుపోతాయి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద 92. అదే ఫుల్ హెచ్‌డీ 21.5 అంగుళాల తెర మీద 102. పెద్దది కన్నా చిన్నదే ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది, పైగా చవక. పక్క నుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ ప్యానెల్ అడగండి. డీటీపీ చేసేవాళ్లకు అది తప్పనిసరి.

అంత డబ్బూ లేనివాళ్లకు హైదరాబాద్‌లో మంచి దారే ఉంది. కంపెనీలు వాడి వదిలేసిన డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు కంప్యూటర్లు రీఫర్బిష్డ్ పేరుతో దొరుకుతాయి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో కనీసం 8వ తరం ప్రాసెసర్ ఉండాలి. అంతకన్నా పాతదైతే లినక్స్ మింట్ వేసుకుని హాయిగా వాడుకోవచ్చు, అది ఉచితం, తెలుగులోనూ కనిపిస్తుంది. వీటిలో కొన్నింటి ఎస్‌ఎంపీఎస్, బోర్డు ఆ కంపెనీ సొంత కొలతలతో ఉంటాయి, తర్వాత మార్చడం కష్టమని తెలిసే కొనాలి. విడిభాగాల్లో ప్రాసెసర్, ర్యామ్ పాతవైనా ఫర్వాలేదు, వాటిలో అరిగేది పెద్దగా లేదు. ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్కు, ఎస్‌ఎంపీఎస్ మాత్రం పాతవి వద్దు, మూడూ వాడేకొద్దీ ఆయుష్షు తరిగేవే.

సిస్టమ్ బిగించాక షాపులోనే ఆన్ చేయించి బయోస్‌లోకి వెళ్లండి. 3200 అని కొన్న ర్యామ్ చాలాసార్లు 2400 దగ్గరో 2666 దగ్గరో నడుస్తూ కనిపిస్తుంది. ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే దాని అసలు వేగం వస్తుంది. రెండు స్టిక్కులూ రెండు దారుల్లో ఉన్నాయా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది. జీఎస్‌టీ బిల్లు మీద ప్రతి భాగం పేరు, సీరియల్ నంబరు విడివిడిగా రాయించుకోండి, ప్రాసెసర్ పెట్టె పారేయకండి. ఎలక్ట్రానిక్ భాగాల్లో తయారీ లోపాలు ఎక్కువగా తొలి రోజుల్లోనే బయటపడతాయి, ఆ తర్వాత ఏళ్ల తరబడి అరుదుగా కనిపిస్తాయి. అందుకే ఇంటికి తెచ్చిన మొదటి వారం యంత్రాన్ని సుతారంగా చూసుకోవద్దు. ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్86 ప్లస్ నడవనివ్వండి, మర్నాడు పెద్ద పెద్ద వీడియోలు ఎక్కించి గంటలకొద్దీ పనిచేయించండి. ఏదైనా తేడా వస్తే అప్పటికి షాపువాళ్లు కౌంటర్ దగ్గరే మార్చి ఇచ్చే గడువు ఇంకా మిగిలే ఉంటుంది.